స్టీలు పళ్ళెంలో సూర్యుడు

సూర్యుడు తెల్లగా ఉంటాడని పుష్పవతికి తెలుసు. నందిగామ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి మూడేళ్ళుగా ఆ పాఠం చెబుతోంది. గాజుగ్లాసు నిండా నీళ్ళు పోసి, నాలుగు చుక్కలు పాలు కలిపి, వెనకనుంచి టార్చిలైటు వేసి చూపిస్తుంది. తెల్లగా బయల్దేరిన వెలుగు ఆ నీళ్ళు దాటి వచ్చేసరికి నారింజ రంగుకి తిరుగుతుంది. గాలి చేసేదీ ఇదే పని అని చెబుతుంది. పిల్లలు నోట్సు రాసుకుంటారు. పరీక్షలో అడిగితే తప్పులేకుండా రాస్తారు.

అలాంటి మనిషి ఇంట్లో, సున్నం వేసిన గోడమీద, 1964 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఎర్రటి సూర్యుడు వెలిశాడు. ఇటికముక్కతో గీసింది ఆమె కూతురు బేబి. దానికింకా నాలుగేళ్ళు నిండలేదు.

"సూర్యుడు ఎర్రగా ఉంటాడని ఎవరు చెప్పారే?"

"పెద్దమ్మ."

గోడ పాడుచేసినందుకు కోపం రాలేదు పుష్పవతికి. ఆ ఒక్క మాటకి వచ్చింది. పెద్దమ్మ అనే మాట ఆ పిల్ల నోట రోజుకి ఎన్నిసార్లు వస్తుందో ఆమె దగ్గర లెక్క ఉంది. ఆదివారం ఒక్కరోజే పొద్దుటినుంచి దీపాలవేళ దాకా ముప్పై ఒకటి. అమ్మ అన్నది పన్నెండుసార్లు, అందులో నాలుగు ఏడుపులో.

పెద్దమ్మంటే పక్కింటి ఆరోగ్యమ్మ. చుట్టరికం ఏమీ లేదు. పుష్పవతి ఆమెని అక్కా అని పిలుస్తుంది కనక పిల్లకి పెద్దమ్మయింది. నలభై అయిదేళ్ళుంటాయి. భర్త పోయాడు. పుట్టిన ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. చందర్లపాడులో వెంకటరత్నంగారి మిరప కల్లాల్లో ఇరవయ్యేళ్ళు పనిచేసి, మోకాళ్ళు పట్టేశాక నందిగామ వచ్చి తమ్ముడి వాటా ఇంట్లో ఉంటోంది. పుష్పవతి ఉద్యోగంలో చేరేనాటికి బేబికి మూడో నెల. భర్త ప్రేమానందం జగ్గయ్యపేట పంచాయతీ సమితి ఆఫీసులో గుమస్తా, శనివారం సాయంత్రం బస్సుకి వచ్చి సోమవారం తెల్లవారి బస్సుకి పోతాడు. పిల్లని ఎవరిమీద వదలాలా అని పుష్పవతి దిక్కులు చూస్తున్న రోజున ఆరోగ్యమ్మ పిట్టగోడ అవతలనుంచి చేతులు చాపి, "ఇటియ్యి అమ్మాయ్. బడికి టైమవుతంది," అంది. అంతే. ఆ చేతులు మళ్ళీ ఖాళీ అయింది లేదు.

పుష్పవతి భయస్థురాలు. వీరులపాడులో కూలి చేసుకునే శాంతయ్య కూతురు మిషన్ హాస్టల్లో ఉండి, గుంటూరులో బి.యస్సీ చదివి, టీచరు కావడమంటే మాటలు కాదు. ఆ దారిలో ఏ మెట్టు జారినా కిందకే. ఆ భయమంతా ఇప్పుడు బేబిమీదకి మళ్ళింది. పిల్లకి ఇచ్చే నీళ్ళు పది నిమిషాలు కాచి చల్లారుస్తుంది. జ్వరమొస్తే గంటకోసారి చూసి కాగితంమీద గీత గీస్తుంది. సాయంత్రం బడినుంచి రాగానే మోకాళ్ళూ మోచేతులూ తిప్పి చూసి, "ఈ గీత ఎక్కడిదక్కా?" అని అడుగుతుంది.

"పిల్లన్నాక గీతలుండవా? నీ ఎర్ర సిరాతో దిద్దుతావేంటి?" అంటుంది ఆరోగ్యమ్మ.

ఆ మాటకి బేబి పకపకా నవ్వుతుంది. పుష్పవతికి తన ఇంట్లో తానే చుట్టంలా వచ్చినట్టుంటుంది. ఆముదం వాసన, ఎండుమిరప ఘాటు కలిసిన ఆరోగ్యమ్మ చీరకొంగు పట్టుకుని పిల్ల నిద్రపోతుంది. తన చీర పట్టుకోదు. తన చీరకి సుద్దవాసన.

ఎర్ర సూర్యుణ్ణి చూసిన మర్నాడే పుష్పవతి జగ్గయ్యపేటకి బదిలీ కోరుతూ అర్జీ రాసింది. భర్త అక్కడ ఉద్యోగం చేస్తున్నారు కాబట్టి అని కారణం చూపించింది. అది అబద్ధం కాదు. కాని అర్జీ మడతపెడుతున్నప్పుడు ఆమె కళ్ళముందున్నది భర్త ముఖం కాదు. జూన్ వస్తుంది, పిల్ల నాదవుతుంది, అనుకుంది.

సూర్యుడి గొడవ మాత్రం జూన్ దాకా ఆగలేదు. ఆరోగ్యమ్మకి సూర్యుడంటే కల్లంలో గడియారం. పొద్దున ఎర్రగా లేస్తే మంచు ఆరేదాకా కాయ పరవకూడదు. తెల్లటి ఎండలో తిరగెయ్యాలి. మళ్ళీ చింతనిప్పు రంగుకి దిగేలోపు కాయంతా పోగుచేసి చాప కప్పాలి, లేకపోతే మంచుకి తడిసి తెల్లబడి తాలుకాయవుతుంది. ఇదంతా ఆమె బేబికి చెబుతుంది. బేబి వచ్చి తల్లికి చెబుతుంది.

"రంగు మారేది సూర్యుడు కాదమ్మా. మధ్యలో గాలి ఉంది కదా, అది మార్చి చూపిస్తుంది."

"పెద్దమ్మ సూర్యుడే మారతాడంది."

"పెద్దమ్మకి తెలీదు."

"పెద్దమ్మకి అన్నీ తెలుసు."

ఒక మధ్యాహ్నం పుష్పవతి బడి మధ్యలో ఇంటికొచ్చేసరికి, అరుగుకింద ఎండలో ఆరోగ్యమ్మ తన ఇత్తడి పళ్ళెంలో చిక్కగా పసుపు నీళ్ళు కలిపి, గ్రహణం నాడు చూసినట్టు పిల్లకి సూర్యుణ్ణి చూపిస్తోంది. బేబి వంగి చూసి, "పసుపు ముద్ద," అంటోంది.

"పసుపు కలిపి, ఇత్తడిలో పోసి చూపిస్తే పచ్చగా కాక ఎలా ఉంటాడక్కా?" అంది పుష్పవతి. గొంతులో నవ్వు పెట్టాలని చూసింది, కుదరలేదు.

"కలపకపోతే కళ్ళు పోతయ్యమ్మా," అంది ఆరోగ్యమ్మ, పళ్ళెం ఎత్తి నీళ్ళు కరివేపాకు మొదట్లో పారబోస్తూ.

ఆ సంగతి అక్కడితో మరిచిపోవలసింది. పుష్పవతి మరవలేదు. ఏప్రిల్ మొదటి శనివారం ఒంటిపూట బడి ముగించుకుని పదకొండున్నరకి వచ్చింది. ఆరోగ్యమ్మ చేతిలోంచి పిల్లని తీసుకుని, "ఇవాళ నేను చూసుకుంటాలే అక్కా, నువ్వు పడుకో," అని తలుపు చేరవేసింది. పెళ్ళికి హాస్టల్ స్నేహితురాళ్ళంతా కలిసి ఇచ్చిన స్టీలు పళ్ళెం పెట్టెలోంచి తీసింది. వీధి మొత్తానికి అదొక్కటే స్టీలు పళ్ళెం. వెనక దొడ్లో పెట్టి నిండా మంచినీళ్ళు పోసింది. పసుపు లేదు, ఇత్తడి లేదు. రంగు కలిపేదేదీ మధ్యలో లేకుండా చేశాననుకుంది.

"రా, నిజం సూర్యుణ్ణి చూపిస్తా. ఏం రంగు?"

బేబి వంగి చూసింది. కళ్ళు చికిలించింది. "మండుతోంది."

"రంగు చెప్పమ్మా. సరిగ్గా చూడు."

"తెలుపు."

"పెద్దమ్మ ఏం చెప్పింది?"

"పసుపు."

"ఎవరిది నిజం?"

పిల్ల మళ్ళీ చూసింది. తల్లి మొహంలో అంత సంతోషం అది ఎప్పుడూ చూడలేదేమో, ఇంకోసారి చూసింది, మరోసారి చూసింది. "అమ్మది," అంది. పుష్పవతి దాన్ని ఎత్తి ముద్దుపెట్టుకుంది. ఆ పూట అన్నం ఆమె చేతిమీదుగా ఒక్క మెతుకు మిగల్చకుండా తింది బేబి.

మూడు గంటలకి పిల్ల కళ్ళు నులుముకోవడం మొదలుపెట్టింది. నాలుగింటికి తల్లి మొహం చూసి, "నీకు ముక్కు లేదు," అంది.

"ఏమిటమ్మా?"

"ముక్కుమీద నల్ల మచ్చ. ఎటు చూస్తే అటు వస్తోంది."

పుష్పవతి చూపు దొడ్లో ఉన్న స్టీలు పళ్ళెం మీద పడింది. అప్పుడు తట్టింది ఆమెకి. చిక్కటి పసుపు నీళ్ళలో వెలుగు అడుగుదాకా పోదు. పైపొర మీదనుంచి తిరిగొచ్చేది కొద్దిపాటి వెలుగే. మంచినీళ్ళలో తిన్నగా అడుగుకి పోతుంది, అడుగున ఉన్నది అద్దంలాంటి స్టీలు. మధ్యాహ్నపు సూర్యుణ్ణి దాదాపు సూర్యుడిలాగే పట్టి పిల్ల కళ్ళలోకి కొట్టింది తను. ఆరోగ్యమ్మకి ఈ సూత్రం తెలీదు. కలపకపోతే కళ్ళు పోతాయన్నది మాత్రం తెలుసు.

ప్రేమానందం బస్సు దిగి వచ్చేసరికి పిల్ల ఏడుస్తోంది. ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. ఆయన దీపం వేసి చూశాడు. "సూర్యుణ్ణి చూసిందా?" అని అడిగాడు.

"పళ్ళెంలో చూశా," అంది బేబి.

"దీనికి మందు లేదండి. చీకటి గదిలో ఉంచండి. వెలుగు తగలనివ్వకండి. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. వారం ఆగితే గాని ఏమీ చెప్పలేను."

తిరిగి వస్తూ ప్రేమానందం పళ్ళు కొరికాడు. "ఆ ముసల్దాని పసుపు పళ్ళెమే కదూ? నువ్వే చెప్పావు కదా ఆ మధ్య."

పుష్పవతి నోరు తెరిచింది. నేను, అనాలి. ఆ ఒక్క మాట చాలు. పిల్ల ఆయన భుజంమీద వెక్కుతోంది. ఆమె నోరు మూసుకుంది.

వీధిలో అందరూ వింటుండగా ప్రేమానందం ఆరోగ్యమ్మ గుమ్మంలో నిలబడి అన్నాడు. "మా పిల్ల కళ్ళు తీశావు. ఇక దాని జోలికి రాకు, మా గడప తొక్కకు."

ఆరోగ్యమ్మ ఆయన్ని చూడలేదు. ఆయన వెనక నిలబడ్డ పుష్పవతిని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత అరుగుమీద ఆరబెట్టిన ఇత్తడి పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఎదురింటి రత్తమ్మ మాత్రం, "పసుపు కలిపితే ఏం కాదంటారే, మా అమ్మ కూడా అట్టాగే చూపించేది," అని సణిగింది. ఎవరూ పట్టించుకోలేదు.

రెండు రోజులు చీకటి గదిలో గడిచాయి. ప్రేమానందం సోమవారం బస్సుకి వెళ్ళక తప్పలేదు. పుష్పవతి సెలవు పెట్టింది. కిటికీలకి దుప్పట్లు కట్టింది, తలుపు సందులో గోనెసంచి కుక్కింది. జూన్ దాకా ఆగకుండానే పిల్ల ఆమెదయింది. రోజంతా ఆమెదే. కోరుకున్నది ఇదే కదా అని చీకట్లో కూర్చుని అనుకుంది. కథ చెబితే బేబి, "ఇట్టా కాదు, పెద్దమ్మ కాకి గొంతుతో చెప్తది," అంది. అన్నం పెడితే, "పెద్దమ్మ ఎందుకు రాదు?" అంది. "పెద్దమ్మకి నా మీద కోపమా?" అంది. చివరి మాటకి పుష్పవతి లేచి గోడవైపు తిరిగి నిలబడింది.

సోమవారం పన్నెండు దాటాక పిల్ల ఉన్నట్టుండి, "అమ్మా, నేలమీద బిళ్ళ," అంది.

చీకట్లో గచ్చుమీద రూపాయి బిళ్ళంత వెలుగు. గుండ్రంగా, పాలలా తెల్లగా ఉంది. పుష్పవతి పైకి చూసింది. పడమటి వాలులో ఒక పెంకు విరిగి చిన్న చిల్లు పడింది. చిల్లు చూస్తే వంకరటింకరగా ఉంది, బిళ్ళ మాత్రం గుండ్రంగా ఉంది. అంటే అది చిల్లు ఆకారం కాదు. అది సూర్యుడు. కళ్ళకి ఏ హానీ చెయ్యకుండా, తెల్లటి సూర్యుడు ఇంట్లోకి దిగి నేలమీద పడుకున్నాడు. మూడేళ్ళుగా ఈ పాఠం కూడా చెబుతోంది తను, సూదిబెజ్జం కెమెరా అని. తల ఎత్తి చూసుకుంటే తన ఇంటి కప్పులోనే ఉంది.

"అది సూర్యుడేనమ్మా. నీకు ఎలా కనబడుతున్నాడు?"

"తెల్లగా. నడుమ నల్ల మచ్చ ఉంది." కాసేపు ఆగి, "చిన్నదయింది. మొన్న పెద్దగా ఉంది," అంది బేబి. "పెద్దమ్మకి చూపిద్దామా?" అంది.

పుష్పవతి తలుపు తీసుకుని బయటికి నడిచింది. ఎండకి కళ్ళు చెదిరాయి. ఆరోగ్యమ్మ అరుగుమీద రత్తమ్మతో కలిసి చింతపండు ఈనెలు తీస్తోంది. రత్తమ్మ ముందు చెప్పాలా అని ఒక్క క్షణం వెనకాడింది. రత్తమ్మ ముందే చెప్పాలి అనుకుంది.

"అక్కా, పిల్లకి చూపించింది నేను. స్టీలు పళ్ళెంలో, మంచినీళ్ళలో. నీ మాట అబద్ధం చెయ్యాలని చూపించా. ఆయన నిన్నంటుంటే విని ఊరుకున్నా."

రత్తమ్మ చేతిలో ఈనె అట్టాగే ఉండిపోయింది. ఆరోగ్యమ్మ పని ఆపలేదు.

"నాకు తెలుసు," అంది. "ఆ పూటంతా నా పళ్ళెం నా మంచం కిందనే ఉంది. సాయంత్రం తోమి ఆరబెట్టా."

"మరి ఆయనతో చెప్పలేదేం?"

"చెబితే ఎవరు నమ్ముతారమ్మా? బి.యస్సీ చదివినామె మాటా, తాలుకాయ ఏరినదాని మాటా?"

పుష్పవతి తల వంచుకుంది. "ఆయన శనివారం వస్తారు. వీధిలోనే చెబుతా, ఆయన అన్నచోటే."

"చెప్పు. చెప్పాల్సిందే," అంది ఆరోగ్యమ్మ. ఆమె ఓదార్చే మనిషి కాదు. "ఎందుకు చేశావమ్మాయ్ అంత పని?"

"కుళ్ళు అక్కా. అది నిన్నే పిలుస్తుంది."

ఆరోగ్యమ్మ చేతులు ఆగాయి. "నాలుగ్గంటల కాడినుంచీ అది ఏం చేస్తదో నీకు తెలుసా? గుమ్మంలో నిలబడి వీధి చివరకి చూస్తా ఉంటది. బెల్లం పెట్టినా రాదు. అమ్మొచ్చే టైమైంది అంటది. నువ్వు మలుపు తిరిగేదాకా నేను ఆ పిల్లకి గోడతో సమానం. నీకొక్కదానికే ఉందనుకున్నావా కుళ్ళు?"

ఈ సంగతి పుష్పవతికి ఎవరూ చెప్పలేదు. మలుపు తిరిగి తను వచ్చేసరికి పిల్ల ఎప్పుడూ ఆరోగ్యమ్మ చంకలోనే ఉండేది. వీధి మలుపు బాగా కనబడాలని పిల్లే ఎత్తుకోమంటుందని అప్పుడు తెలియలేదు.

ఆరోగ్యమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. చీకటిగదిలో అడుగుపెట్టగానే బేబి ఆమె అడుగు చప్పుడు గుర్తుపట్టి పాకుతూ వచ్చి ఒళ్ళో పడింది. ముగ్గురూ ఆ వెలుగు బిళ్ళ పక్కన కూర్చున్నారు. అది నేలమీద నెమ్మదిగా తూర్పుకి జరిగింది, గోడ ఎక్కింది. అయిదు దాటాక పచ్చబడింది. పొద్దు వాలేకొద్దీ గోడమీద ఇంకా పైకి పోయి, సాగి, నారింజయింది, చివరికి మసకగా ఎర్రబడింది.

"చింతనిప్పు. కాయ పోగేసే టైము," అంది ఆరోగ్యమ్మ. "మరి ఇప్పుడు ఎర్రగా ఉన్నాడు కదమ్మాయ్. తెలుపంటావేంటి?"

ఈసారి పుష్పవతి గెలవాలని చెప్పలేదు. "తెలుపులో అన్ని రంగులూ ఉంటాయక్కా. నడినెత్తిన ఉన్నప్పుడు మనకీ ఆయనకీ మధ్య గాలి తక్కువ. వాలాక ఏటవాలుగా రావాలి, ముప్పై నలభై రెట్లు గాలి దాటాలి. నీలం మొదలైనవన్నీ దారిలో చెదిరిపోతాయి. ఎరుపు మిగిలి వస్తుంది."

"పోయిన నీలం ఏమవుద్ది?"

ఆ ప్రశ్న మూడేళ్ళలో తొమ్మిదో తరగతి పిల్లలెవరూ అడగలేదు. "అదే అక్కా ఆకాశం. మనకి పగలంతా నీలంగా కనబడేది అదే."

"అట్టాగా," అంది ఆరోగ్యమ్మ. "అంటే రెండూ నిజమే. నువ్వు బయల్దేరినప్పటి రంగు చెబుతున్నావు, నేను ఇంటికొచ్చినప్పటిది చెబుతున్నా," అంది.

బేబి అప్పటికే తన తీర్పు ఇచ్చేసింది. "మధ్యాహ్నంది అమ్మ సూర్యుడు. సాయంత్రంది పెద్దమ్మ సూర్యుడు."

శనివారం ప్రేమానందం వచ్చేసరికి మచ్చ ఆవగింజంతయింది. పుష్పవతి ఆయన్ని వీధిలోనే ఆపి చెప్పింది. ఆయన సంచి కింద పెట్టి, ఆరోగ్యమ్మ గుమ్మం దగ్గరికి వెళ్ళి, "తప్పయింది వదినా," అన్నాడు. భార్యతో మాత్రం మాట్లాడకుండానే సోమవారం బస్సెక్కాడు, ఆ వారం కార్డు కూడా రాయలేదు. ఆ పై వారం మచ్చ పోయింది. పోయిందని బేబి ముందు ఆరోగ్యమ్మకి చెప్పింది. గోడ అవతలనుంచి ఆ మాట విన్న పుష్పవతికి సంతోషంతో ఏడుపొచ్చింది. ముందు నాకు చెప్పలేదే అన్నది కూడా ఆ ఏడుపులో కొంచెం ఉంది.

జూన్‌లో బదిలీ ఆర్డరు వచ్చింది. తను అడిగిందే, కాదనడానికి లేదు. జగ్గయ్యపేటలో వాళ్ళకి దొరికింది డాబా ఇల్లు. కప్పులో ఒక్క చిల్లు లేదు. మొదటి ఆదివారం బేబి గదులన్నీ తిరిగి కప్పుకేసి చూసి మొహం వేలాడేసుకుంది. పుష్పవతి పడమటి కిటికీకి అట్టముక్క కట్టి మేకుతో బెజ్జం పొడిచింది. మూడింటికి నేలమీద తెల్లటి బిళ్ళ పడింది.

"ఇదిగో, అమ్మ సూర్యుడు," అంది.

బేబి ఒకసారి చూసి తలూపింది. లేచి పోతుందనుకుంది పుష్పవతి. పోలేదు. బిళ్ళ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నాలుగైంది. అయిదైంది, బిళ్ళ ఎదురుగోడ ఎక్కింది. బెల్లంముక్క పెట్టినా తీసుకోలేదు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఎర్రగా అవ్వాలి."

పుష్పవతి గుమ్మంలో నిలబడి ఆ చిన్న వీపుని చూసింది. నందిగామలో రోజూ నాలుగు దాటాక ఆరోగ్యమ్మ చూసింది ఈ వీపునే. గుండెలో అదే పాత మంట ఒకసారి మెలితిరిగింది. వచ్చి పిల్ల పక్కన కూర్చుంది. గోడమీద బిళ్ళ ఎర్రబడేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

మర్నాడు బడికి వెళ్తూ పోస్టు కార్డు కొంది. ఆరోగ్యమ్మకి రత్తమ్మ కూతురు చదివి వినిపిస్తుంది. "అక్కా, వానలు ముదిరేలోపు వచ్చి నెలరోజులైనా ఉండు," అని రాసింది. బేబి అడుగుతోంది అని రాయబోయి కలం ఆపింది. అది రాస్తే ఆరోగ్యమ్మ వెంటనే బస్సెక్కుతుందని తెలుసు. రాయడానికి చెయ్యి రాలేదు. ఇంకా అంత పెద్ద మనసు రాలేదు. చివరికి, "నేను అడుగుతున్నా," అని రాసి, డబ్బాలో వేసింది.